మత్తులో తగ్గిన అంకె

టకోండ్వాకు నాలుగేళ్లు. ఎండ పడితే చాలు, కళ్లు గట్టిగా మూసుకుని అమ్మమ్మ చీటిగుడ్డలో తల దాచుకునేది. నల్లగుడ్లు వయసుకు మించి పెద్దవి, ఎప్పుడూ నీళ్లూరుతుండేవి. ములాంజే తేయాకు తోటల నుంచి ఆ అమ్మమ్మ, నాఫిరి, పిల్లను వీపున కట్టుకుని బ్లాంటైర్‌లోని మా కంటి ఆసుపత్రికి రావడం అది మూడోసారి. అంతకుముందు రెండుసార్లూ, "కంటి ఒత్తిడి మామూలుగానే ఉంది, మూడు నెలలాగి రండి" అని పంపేశారు.

మత్తు ఇచ్చేది నేను. పంతొమ్మిదేళ్లుగా అదే పని. కంటి లోపలి ఒత్తిడి ఇరవై దాటి నిలిస్తే వెనక నరం మెల్లగా చచ్చి చూపు పోతుంది. మెలకువగా ఉంటే ఆ పిల్ల కన్ను ముట్టనివ్వదు, అందుకని హాలోథేన్ పీల్పించి నిద్రపుచ్చాకే కొలుస్తారు. చిక్కంతా అక్కడే. ఆ వాయువు కంటి ఒత్తిడిని దించేస్తుంది, రక్తపోటునూ దించుతుంది. కంటి లోపలి ఒత్తిడిని నెట్టుకుని వెళ్తేనే వెనక నరానికి రక్తం అందుతుంది. నెట్టే బలం తగ్గితే నరం పస్తుంటుంది. కొలిచిన అంకె మాత్రం మామూలుగా కనబడుతుంది.

ఈ మాట డాక్టర్ కలిలొంబెకు మొదటిసారే చెప్పాను.

"కళ్ల డాక్టరువి నువ్వా, నేనా?" అన్నాడు.

రెండోసారి నా వైపు చూడను కూడా లేదు. "పిల్ల కదులుతోంది. ఇంకాస్త మత్తు పెంచు."

"పై రక్తపోటు అరవైకి దిగింది డాక్టరు గారూ. ఇంకా పెంచితే కంటికి రక్తం ఆడదు."

"నీ గ్యాసు నువ్వు చూసుకో, చాలు."

నేను పెంచలేదు. అయినా కంటి ఒత్తిడి పద్నాలుగే వచ్చింది. పిల్ల నిద్రపోయి అప్పటికే పది నిమిషాలైంది మరి.

మూడోసారి ఆపరేషను గది బయట నాఫిరి నా చెయ్యి పట్టుకుంది. "అమ్మా, మొన్న ఇది గడప కనబడక బోర్లా పడింది. మీరేమో బాగుందంటారు. నేను చూస్తున్నది అబద్ధమా?"

"అబద్ధం కాదమ్మా," అన్నాను.

ఆ రోజు డాక్టరు వార్డులో ఆగిపోయాడు. నర్సు ఫైనెస్‌కు కంటి ఒత్తిడి కొలవడం వచ్చు.

"పిల్ల నిద్రలోకి జారగానే కొలిచెయ్," అన్నాను.

"అక్కా, ఆయనొచ్చాక నా తోలు తీస్తాడు!"

"ముందు నాది తీస్తాడులే. కొలువు."

కుడి కన్ను ముప్పైయొకటి. ఎడమది ముప్పైనాలుగు. గడియారం చూసి కాగితం మీద రాశాను. పది నిమిషాల తర్వాత డాక్టరు వచ్చి తనే కొలిచాడు. పదహారు, పద్దెనిమిది. కాగితం ఆయన ముందు పెట్టాను.

"నన్నడక్కుండా ఎందుకు కొలిపించావు?"

"రెండుసార్లు చెప్పాను. మీరు విన్లేదు."

ఆయన లైటు వేసి కంటి వెనక చాలాసేపు చూశాడు. "కుడి నరం ఇంకా ఉంది," అన్నాడు మెల్లగా. "ఎడమది పాలిపోయింది."

"ఆరు నెలల క్రితం ఎలా ఉండేదో?"

ఆయన లైటు ఆర్పాడు. తనే బయటికెళ్లి నాఫిరికి సంగతి చెప్పి, ఒప్పించి, ఆ పూటే కుడి కంటికి ఆపరేషను చేశాడు. ఆ కన్ను నిలిచింది. ఎడమ కంటికి చూపు ఇక రాదు.

ఇంటికి వెళ్లే రోజున నాఫిరి మోకాళ్ల మీద వంగి ఆయన రెండు చేతులూ పట్టుకుంది. "దేవుడివి నాయనా." ఆయన నేల చూపులు చూశాడు. నేను మందుల బీరువా వైపు తిరిగి నిలబడ్డాను, లేకపోతే ఏదో ఒకటి అనేసేదాన్ని.

పిల్లలు నిద్రపోయిన తొలి నిమిషంలోనే కొలవాలని నియమం రాయమని డాక్టర్ని అడిగాను. "మీటింగులో చూద్దాం," అన్నాడు. వానలు వచ్చి వెళ్లాయి. మీటింగు మాత్రం జరగలేదు. ఫైనెస్, నేను మాత్రం ప్రతి పిల్లకీ ముందే కొలుస్తున్నాం. ఆయన చూస్తాడు, అడ్డు చెప్పడు.