ఓరుగల్లు దగ్గర గుండుసూది

అయినా పటంలో నెల్లూరు దగ్గరి సూది దానంతటది ఎలా ఊడుతుంది, నిన్న సాయంత్రం తనే కదా గుచ్చింది, ఎర్ర ఊలుదారం ఓరుగల్లులో ముడేసి, మోటుపల్లి రేవు మీదుగా లాగి, నెల్లూరు దగ్గర బిగించి, మళ్లీ ఓరుగల్లుకే తెచ్చి కట్టి మరీ ఇంటికెళ్లాడు, ఇప్పుడు చూస్తే కాకతీయ సామ్రాజ్యం దక్షిణాన జారిపోయి వేలాడుతోంది, ఇది బ్రహ్మయ్య పనే, ఈ కాలేజీ మొత్తానికి ఉన్నది ఒకే పటం, అది జాగ్రఫీవాళ్లది, బీరువా తాళంచెవి బ్రహ్మయ్య జేబులో ఉంటుంది, వేరే సూది గుచ్చుతూ చంద్రశేఖరం వెనక గుమ్మం వైపు ఓ చెవి పడేశాడు, అక్కడ చెప్పుల చప్పుడు ఆగింది, ఆగుతుందని తెలుసు, వారం నుంచి రోజూ ఇదే వేళకి ఆగుతోంది, చరిత్ర పాఠంతో జాగ్రఫీ లెక్చరరుకి ఏం పని.

పన్నెండేళ్లుగా చెబుతున్న పాఠం, ఎప్పుడైనా భయపడ్డాడా, సామ్రాజ్యం ఎక్కడ మొదట తెగిందో చెప్పండర్రా అంటే పిల్లలు నెల్లూరండీ, మోటుపల్లండీ అని సరిహద్దులన్నీ వెతికేవాళ్లు, అప్పుడు తను ఓరుగల్లు సూది పీకితే దారమంతా ఒక్కసారి వదులైపోయేది, చూశారా, సరిహద్దులో సూదులన్నీ ఉన్నచోటే ఉన్నాయి, రాజ్యమే లేదు, కోటలోనే ఒకరినొకరు నమ్మడం మానేశాక బయట ఎంత బందోబస్తు ఉంటే ఏం లాభం అనేవాడు, పోయిన వారం కూడా నోరు ఊరుకోక, పాఠం అక్కడిదాకా రాకముందే ఆ మాట అనేశాడు, మర్నాడే ప్రిన్సిపాల్ ఆదిశేషయ్యగారు వరండాలో భుజం మీద చెయ్యేసి, చంద్రశేఖరంగారూ, ఎమర్జెన్సీ రోజులు, కోటలో నమ్మకాలూ అవీ మనకెందుకండీ, పాఠం పాఠంలా చెప్పండి అన్నారు, కోట మాట ఆయన దాకా మోసింది ఎవరు, గుమ్మంలో ఆగే ఆ చెప్పులు కాక, విస్సన్నపేటలో ఎవరో మాస్టారిని జీపెక్కించి తీసుకెళ్లారట, ఆయన ఏమన్నాడో ఇప్పటికీ ఎవరికీ తెలియదు, ఆ ఇంట్లోవాళ్లకీ తెలియదు, తన ఇంట్లో భార్య బాలామణి అడగనే అడిగింది, మీరేమీ అనలేదుగదా అని, తను ఏమీ అనలేదన్నాడు, ఆ రాత్రి నుంచి అన్నం సయించడం లేదు.

అందుకే పొద్దున ఆ పని చేశాడు, తప్పేముంది, ముందుజాగ్రత్త, ప్రిన్సిపాల్ గదిలోకి వెళ్లి, పంటల పాఠంలో బ్రహ్మయ్యగారు సర్కారు లెక్కలన్నీ కాకిలెక్కలని పిల్లలతో అంటున్నారండీ, మీ చెవిన వేద్దామని వచ్చాను అన్నాడు, అబద్ధమా, కాదు, బ్రహ్మయ్య ఆ మాట అన్నాడు, అయితే క్లాసులో కాదు, తన ఇంటి అరుగు మీద, బాలామణి ఇచ్చిన మజ్జిగ తాగుతూ నవ్వుతూ అన్నాడు, ఎక్కడ అంటే ఏం, అన్నాడుగా, ప్రిన్సిపాల్ కళ్లజోడు తీసి తుడుచుకుని సరే అన్నారు, అంతే.

సార్, అంది ముందు బెంచీలో పద్మజ, పెనుగొలను నుంచి బస్సులో వచ్చే పిల్ల, మా అక్క చెప్పిందండీ, మీరు ఓరుగల్లు సూది పీకి చూపిస్తారని, ఇవాళ పీకరా అండీ, తను విననట్టే ప్రతాపరుద్రుడి కాలం నాటి రేవులు రాసుకోండి అన్నాడు, ఈ పిల్లని ఎవరు అడగమన్నారు, అంతలో బ్రహ్మయ్య గుమ్మం దాటి లోపలికే వచ్చేశాడు, వెనకాల అతని జాగ్రఫీ పిల్లలు, ఏమనుకోకండి మాస్టారూ, వారం నుంచి గుమ్మంలో నిలబడి వింటున్నాను, మా వాళ్లకీ చూపిద్దామని తీసుకొచ్చా, నెల్లూరు సూది తుప్పు పట్టి నా పటం పాడవుతోందని నేనే తీశా, ఇదిగోండి ఇత్తడివి, విజయవాడ నుంచి తెప్పించా, ప్రిన్సిపాల్‌గారితో కూడా అన్నానండీ, ఆ కోట ముక్క మా చంద్రశేఖరంగారి నోట వినాల్సిందే, మీరూ ఓసారి రండీ అని, అని గర్వంగా నవ్వాడు, తన పాఠమేదో తనే చెప్పినట్టు.

ఇత్తడి సూదులు అరచేతిలో చల్లగా ఉన్నాయి, పిచ్చిమనిషి, మెచ్చుకోబోయి మోశాడు, మరి తను, ఏదో ఒకటి చెప్పాలి, ఇప్పుడే చెప్పాలి, అనుకుంటుండగానే అటెండరు అంతోనయ్య గుమ్మంలోకి వచ్చి, బ్రహ్మయ్యగారూ, ప్రిన్సిపాల్‌గారు రమ్మంటున్నారండీ, ఎవరో జీపులో వచ్చి కూర్చున్నారు అన్నాడు, వచ్చాక చూస్తాను మాస్టారూ, అప్పటిదాకా పీకకండేం అని బ్రహ్మయ్య చొక్కా సర్దుకుంటూ వెళ్లాడు, అంతోనయ్య వెనకే, తొందర లేకుండా, వరండా పొడుగునా ఆ చెప్పుల చప్పుడు వినిపించింది, పిల్లలు పటం వైపు చూస్తున్నారు, దారం బిగువుగా ఉంది, నెల్లూరు నిలిచింది, మోటుపల్లి నిలిచింది, చంద్రశేఖరం వేళ్లు ఓరుగల్లు దగ్గరికి వెళ్లి ఆగాయి, పీకడానికి ఇక ఏముంది, ఆ సూది తను పొద్దున్నే పీకేశాడు, ప్రిన్సిపాల్ గదిలో, ఎవరూ అడక్కుండానే.