రెండు వైపులా బెజ్జాలు

కాదు తల్లీ, ముందు మంచం గురించి రాయి. నా కాళ్ళ గురించి తర్వాత. అవి ఎటూ పోవు, ఇక్కడే పడున్నాయి. నేను నెమ్మదిగా చెప్తాను, నువ్వూ నెమ్మదిగా రాసుకో. మీ అమ్మతో అయితే నేనొక మాట పూర్తిచేసేలోపు ఆవిడ మూడు పనులు చేసుకొస్తుంది. వచ్చి "ఏమన్నారు మావయ్యా?" అంటుంది, నేను మళ్ళీ మొదటినుంచి ఎత్తుకోవాలి. నువ్వు చదివితే మాత్రం ఆగి వింటుంది.

నిన్న సాయంత్రం ఆవిడ బట్టలు మడతపెడుతూ మీ నాన్నతో అన్న మాట నా చెవిన పడింది. "రేపు ఓనరమ్మకి చెప్పేస్తాను, పని మానేస్తున్నానని. అత్తయ్యని మరకి అప్పజెప్పి వెళ్ళిపోయాను. మావయ్యకి ఆ గతి పట్టనివ్వను." మీ నాన్న టీవీ మీంచి కళ్ళు తిప్పకుండా "అదీ మాట" అన్నాడు. డాక్టరు నన్నిక లేచి తిరగొద్దన్నాక, ఈ ఇంట్లో ఎవరు పని మానెయ్యాలన్న ప్రశ్నే రాలేదు చూడు. జవాబు ముందే తయారుగా ఉంది, బట్టలు మడతపెట్టుకుంటూ.

మర అంటే వెనక గదిలో పాత దుప్పటి కప్పి పెట్టిన ఆ ఇనప మంచమే. దాని మీద మీ అమ్మ ఎవర్నీ పడుకోనివ్వదు. నువ్వొకసారి ఎక్కి గెంతితే నీ వీపు మోగింది, గుర్తుందా? ఎందుకో నీకప్పుడు చెప్పలేదు.

నువ్వు బాగా చిన్నప్పుడు మీ నానమ్మకి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. ఎడమ చెయ్యీ మాటా మిగిలాయి. నా పని వైరు జాలీ మంచాలు చెయ్యడం. పైపులతో ఫ్రేము, మధ్యలో సన్న తీగలు గొలుసులా అల్లిన జాలీ, దాని మీద పరుపు. అందరి నడుములకీ మంచాలు చేసి ఇచ్చినవాణ్ణి, మా ఇంట్లో మంచం మాత్రం సాగిపోయి ఉయ్యాలైపోయింది. ఆ ఉయ్యాల్లో మీ నానమ్మ. మంచినీళ్ళకి లేపాలి, తిండికి లేపాలి, తల దువ్వడానికి లేపాలి. మీ అమ్మ కుడి చెయ్యి ఆవిడ భుజాల కింద పెట్టి, ఎడమ చెయ్యి నడుం దగ్గర అడ్డం పెట్టి, గోతిలోంచి మనిషిని తీసినట్టు తీసేది. నేనెందుకు ఎత్తలేదని అడుగుతావేమో. నన్నెవరూ అడగలేదు తల్లీ. అడగకపోవడం నాకూ సుఖంగానే ఉండింది. ఇది కూడా రాయి.

మీ అమ్మ అప్పుడే కుట్టు కంపెనీలో కటింగ్ టేబుల్ దగ్గర నిలదొక్కుకుంటోంది. ఆవిడ కత్తెర తీస్తే గుడ్డ తనంతట తనే దారిస్తుందని అక్కడి మాస్టారు అనేవాడట. రోజూ ఆలస్యంగా వెళ్తుంటే ఓనరమ్మ పిలిచి, "ఇంట్లో పేషెంటుని పెట్టుకున్న చేతులు వణుకుతాయమ్మా, కత్తెర వద్దు. గుండీలు కుట్టు, కూర్చునే పనేగా" అంది. గుండీలకీ వెళ్ళలేక సెలవు పెట్టింది. నెలాఖరు దాకా చూస్తాను, తర్వాత నీ చోటు వేరేవాళ్ళదే అని కబురొచ్చింది. అప్పుడు నా షెడ్డు గుమ్మంలో నిలబడి అడిగింది: "మావయ్యా, తల వైపు దానంతటది లేచే మంచం చెయ్యొచ్చా?"

చెయ్యొచ్చన్నాను. ఫ్రేముని నడుం దగ్గర కోసి మడతబందులు వేశాను. ఇనుము బిగించి పట్టుకునే పాత వైసులోని మర రాడ్డు కింద బిగించాను. అది తిప్పితే తల వైపు లేస్తుంది, వదిలేసినా పడిపోదు. కాళ్ళ వైపు అడ్డ పైపుని విడిగా పెట్టి పొడుగు బోల్టులు వేశాను, జాలీ సాగినప్పుడల్లా నట్టు బిగించుకోవచ్చు. అంతా బాగానే ఉందనుకుని ఎత్తి చూస్తే, మడత దగ్గర జాలీ వదులై సంచిలా వేలాడింది. నేను తల గోక్కుంటుంటే మీ అమ్మ తన జాకెట్టు చెయ్యి చూపించింది. "మోచెయ్యి వంచితే ఇక్కడ గుడ్డ పోగవుతుంది కదా మావయ్యా. అక్కడ ఒక కుట్టు పడితే నిలుస్తుంది. నేను అత్తయ్యని ఎత్తేటప్పుడు ఎడమ చెయ్యి పెడతానే, సరిగ్గా అక్కడ." అక్కడే అడ్డంగా ఒక పట్టీ వేసి జాలీని దానికి కట్టేశాను. మీ అమ్మ ఎడమ చేతికి బదులు అది. ఇప్పటికీ ఉంది, తడిమి చూడు.

మామూలుగా మీ అమ్మ నాతో పొడిపొడిగా మాట్లాడేది. మామగారు కదా. కానీ వెల్డింగు చేసేటప్పుడు నా మొహం అద్దం వెనకాల. ఆ వెలుగు చూడకూడదు కాబట్టి ఆవిడ ఒక చేత్తో పైపు పట్టుకుని గోడ వైపు తిరిగి నిలబడేది. గోడకి చెప్పేది అన్నీ. "పొద్దున్న అత్తయ్య పిలిచింది. వినపడింది. వినపడనట్టు ఇంకో గిన్నె కడిగాను. కడిగిన గిన్నే మావయ్యా, మళ్ళీ కడిగాను. ఆ కాసేపూ చేతుల మీద నీళ్ళు పడుతుంటే హాయిగా ఉంది, ఆ తర్వాత రోజంతా నా మీద నాకే అసహ్యం. ఈయన రాత్రి అన్నారు, ‘మా అమ్మని ఎత్తడానికి నీకు మర కావాలా? నన్ను మోసినప్పుడు మా అమ్మ మర పెట్టుకుందా?’ అని. కానీ ఆవిడ మోసింది ఆయన్ని అయితే, ఎత్తాల్సింది నేనెలా అయ్యాను? ఇలా ఆలోచించడం తప్పే కదా? మంచి కోడలికి ఇలాంటివి తోచవు కదా?" నేను అద్దం తీసేసరికి నోరు మూసుకునేది. అందుకని కొన్ని అతుకులు అవసరం లేకపోయినా రెండోసారి వేశాను.

హ్యాండిల్ దగ్గర పేచీ వచ్చింది. పక్కన నిలబడినవాళ్ళు తిప్పేలా కాళ్ళ వైపు పెడదామన్నాను. మీ అమ్మ ఒప్పుకోలేదు. పడుకున్న మనిషి చేతికి అందాలంది. సరేనని సైకిల్ చైను వేసి, చేతి దగ్గర చిన్న పళ్ళ చక్రం, రాడ్డుకి పెద్దది పెట్టాను. ఎక్కువసార్లు తిప్పాలి గానీ బరువు తెలీదు. హ్యాండిల్ బిగించడానికి ఎడమ పక్క పైపుకి బెజ్జాలు వేస్తుంటే ఆపింది. "రెండు వైపులా వెయ్యండి మావయ్యా. అందరికీ ఒకే చెయ్యి పనిచెయ్యదుగా." అనవసరమనుకున్నాను, అయినా వేశాను.

కొలత చూడాలంటే ఎవరో ఒకరు పడుకోవాలి కదా. మీ అమ్మే పడుకుంది. నేను నెమ్మదిగా తిప్పుతున్నాను, తల వైపు లేస్తోంది. "ఆపనా?" అంటే, "ఇంకాసేపు ఉండనివ్వండి" అంది కళ్ళు మూసుకుని. మనిషి పగటిపూట నడుం వాల్చి ఎన్నాళ్ళయిందో. సరిగ్గా అప్పుడే మీ అత్త, అదే నా కూతురు, తల్లిని చూడటానికి వచ్చి షెడ్డులోకి తొంగిచూసింది. "బావుందమ్మా వరస! అమ్మ లోపల పడుంటే వదిన ఇక్కడ పడకెక్కింది. తిప్పండి నాన్నా, తిప్పండి, కాళ్ళు కూడా పట్టండి!" మీ అమ్మ దిగ్గున లేచి చీర సర్దుకుంది. ఆ తర్వాత గోడకి చెప్పింది, "ఆవిడన్నదాంట్లో అబద్ధమేముంది? ఒక్క క్షణం ఈ మంచం అత్తయ్యకి కాదు, నాకే చేయించుకుంటున్నాననిపించింది. ఆవిడ పిలవకుండా ఉండాలనే కదా హ్యాండిల్ ఆవిడ చేతికిస్తున్నాను."

మంచం లోపలికి వచ్చిన మర్నాడే మీ అమ్మ పనికెళ్ళింది. "హ్యాండిల్ అత్తగారి చేతికిచ్చి తను చేతులు దులుపుకుంది" అని మీ నాన్న వీధి గుమ్మం దాకా వినపడేలా అన్నాడు. ఆవిడ చెప్పులు వేసుకుంటూ విని, వేసుకుని, వెళ్ళింది. నేను షెడ్డు పని తగ్గించుకుని మంచం పక్కన కూర్చున్నాను. తుడవడం, పక్క మార్చడం అన్నీ నేర్చుకున్నాను, "మనిషిననుకున్నారా, పైపుననుకున్నారా?" అని మీ నానమ్మ తిడుతూ ఉంటే.

ఆగు. ఇక్కడినుంచి మీ అమ్మకి తెలీనిది. సరిగ్గా రాయి.

ఆ మొదటి రోజు మీ అమ్మ వీధి మలుపు తిరగ్గానే మీ నానమ్మ హ్యాండిల్ పట్టుకుంది. సాయం రాబోతే కళ్ళెర్రజేసింది. ఎడమ చేత్తో తిప్పీ తిప్పీ లేచి కూర్చుని, బల్ల మీది గ్లాసు అందుకుని గటగటా తాగింది. మళ్ళీ పొయ్యమంది, తాగింది. మళ్ళీ పొయ్యమంది. నేను బిత్తరపోయి చూస్తుంటే మూతి తుడుచుకుని అంది: "ఇన్నాళ్ళూ దాహం చంపుకున్నానండీ. ఒక గుక్క తాగాలంటే ఆ పిల్ల నడుం విరగాలి. తాగితే మళ్ళీ పక్క మార్చాలి. పిలిచి, అది వచ్చేలోపు వద్దులే అనేదాన్ని."

గిన్నె రెండోసారి కడిగిన మనిషికీ, పిలిచి వద్దులే అన్న మనిషికీ మధ్య ఒక గోడే ఉంది తల్లీ. ఇద్దరూ తప్పు తమదే అనుకున్నారు. నేనూ మీ నాన్నా ఏమీ అనుకోలేదు.

మీ అమ్మకి చెప్తానంటే ఒట్టు వేయించుకుంది. "చెప్పకండి. నన్ను దాహంతో పడేసిందని తెలిస్తే అది మళ్ళీ ఇంట్లో కూర్చుంటుంది. ఇప్పుడిప్పుడే బయట అడుగు పెట్టింది, నడవనివ్వండి." అందుకే సాయంత్రాలు కూడా పిలవడం మానేసింది. "అత్తయ్యకి నా మీద కోపం వచ్చింది, అందుకే పిలవట్లేదు" అనుకుని మీ అమ్మ ఇంటి పనంతా నెత్తినేసుకుని ఇంకా కుంగింది. నేను ఒట్టు పట్టుకుని కూర్చున్నాను.

నానమ్మ పోయిన మధ్యాహ్నం నేను షెడ్డు తాళం వేసి రావడానికి వెళ్ళాను. వచ్చేసరికి మంచం తల వైపు లేచి ఉంది, ఆవిడ కూర్చున్నట్టే ఉంది. గ్లాసు ఖాళీ. మీ అమ్మ మెడలో కొలత టేపుతోనే పరుగెత్తుకొచ్చింది. మీ అత్త ఆ గ్లాసు చూపించి, "గుక్కెడు నీళ్ళు పోసే దిక్కు లేక పోయింది మా అమ్మ" అంది. మీ అమ్మ ఆ మాటని ఇన్నేళ్ళుగా మోస్తోంది. ఆ బాకీ ఇప్పుడు నాకు చేసి తీర్చుకుందామనుకుంటోంది.

ఆ గ్లాసు నిండుగా నింపి వెళ్ళింది నేను. మీ నానమ్మ తనే లేచింది, తనే తాగింది, గ్లాసు తిన్నగా బల్ల మీద పెట్టింది. చుక్క ఒలకలేదు. బల్ల తుడిచింది నేనే కాబట్టి నాకు తెలుసు. దాహంతో పోలేదు తల్లీ. దాహం తీర్చుకుని పోయింది.

ఒట్టు తీసి గట్టున పెడుతున్నాను. నేను రేపు ఆ మంచమెక్కుతాను. నా మంచి చెయ్యి కుడిది, హ్యాండిల్ అటు మార్చాలి. ఆ వైపు బెజ్జాలు రంగు కింద పూడుకుపోయి ఉంటాయి, మేకుతో గుచ్చితే తెరుచుకుంటాయి. ఆ పని మీ నాన్న చేస్తాడు. పక్క మార్చడం కూడా నేర్చుకుంటాడు, నేను తిడుతూ నేర్పుతాను. స్పానరు ఎక్కడుందో మీ అమ్మనడగొద్దని చెప్పు, వెతుక్కోమను.

ఓనరమ్మ సాయంత్రం గానీ రాదు కదా, మీ అమ్మ ఇంకా చెప్పి ఉండదు. కంపెనీలో వీళ్ళకి మధ్యాహ్నం తిండి వేళవుతోంది. ఫోన్ చేసి మీ అమ్మని గోడ వైపు తిరిగి నిలబడమను. అప్పుడు మొదటినుంచీ చదివి వినిపించు, నెమ్మదిగా.