నొప్పి లేదు సార్

చక్కెర డబ్బాకు చీమలు పట్టాయని ఆ రోజు పొద్దున్నే మా ఇంట్లో రగడ.

"మూత బిగించేదానికి కూడా తీరిక లేదా నీకు? చీమల కాపీ తాగాల్నా నేను?" అన్నాడు మా మామ శాంతయ్య.

"తాగు. కండ్లకు మంచిదంట," అంది అత్త లూదియా.

"మూడుసార్లు చెప్పినా. మూడుసార్లూ మూత ఊరికే పైన పెట్టినావ్."

"నువ్వు బిగించు. నీకు నొప్పి మోకాలికి గదా, చేతులకేం రోగం?"

మామ మోకాలి సంగతి ఆళ్లగడ్డలో మా వీధికంతా తెలుసు. లేస్తే "అబ్బా", కూర్చుంటే "అయ్యో తండ్రీ". చర్చిలో ప్రార్థన మనవులు చెప్పమంటే ముందు లేచేది ఆయనే. అత్త మాత్రం, నేను కోడలిగా వచ్చిన ఈ తొమ్మిదేళ్లలో, తలనొప్పి అని కూడా అనగా వినలేదు.

నన్ను పట్టుకున్నది చీమల సంగతి కాదు. అత్త మూత వదులుగా పెట్టే మనిషి కాదు. ఆ రోజంతా గమనించాను. కుక్కర్ ఎడమ చేత్తో దించింది. కొంగుకు పిన్ను పెట్టుకోబోయి మానేసింది. మధ్యాహ్నం చెంబు జారి పడితే, నీళ్లు తుడవకుండా ఎవరైనా చూశారేమోనని గుమ్మం వైపు చూసింది.

మామకు మందులు రాయించే వంకతో మరునాడు ముగ్గురం నంద్యాల బస్సెక్కాం. ఎముకల డాక్టరు ముందు అత్తనే కూర్చోబెట్టాను.

"చేతికి నొప్పి ఉందామ్మా?"

"లేదు సార్."

"అప్పుడప్పుడైనా?"

"లేదు సార్."

డాక్టరు బలం మాత్రలు రాయబోయాడు. నాకు ఒళ్లు మండింది. "అత్తా, నొప్పి సంగతి వదిలెయ్. చెయ్యి ఎట్లుంటాంది, అది చెప్పు," అన్నాను.

"తిమ్మిరి," అంది నెమ్మదిగా. "వేళ్లు మొద్దుబారతాయి. తెల్లార్జామున మంట. మోచేతి దాకా గుంజుతాది."

డాక్టరు పెన్ను ఆపాడు. "ఇందాక నొప్పి లేదన్నారే?"

"నొప్పులంటే కానుపువి గద సార్. ఇద్దర్ని కన్నా. వాటి ముందర ఇదేం నొప్పి?"

ఆయన నవ్వాడు గానీ, నరాల పరీక్ష రాశాడు. పరీక్ష అయ్యాక ఫలితం కోసం గంటసేపు బెంచీ మీద కూర్చున్నాం. మామ ఎన్నిసార్లు లేచాడో, ఎన్నిసార్లు కూర్చున్నాడో. ఒక్క మూలుగు లేదు. ఆయన నీళ్ల కోసం వెళ్లినప్పుడు అత్త నా చెవిలో అంది: "మా అమ్మకు గూడా ముందర ఇట్లే చెంబు జారె. నెల తిరక్కుండా పక్షవాతం. ఆరేండ్లు మంచంలోనే ఉండె. చెప్తే నాకూ అదే అంటారని చెప్పల్యా."

పక్షవాతం కాదన్నాడు డాక్టరు. మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోయిందట. చిన్న ఆపరేషన్, సాయంత్రానికి ఇంటికి పోవచ్చు. నెల రోజులు ఆ చేత్తో పని చేయకూడదు. ఆలస్యం చేస్తే మాత్రం పట్టు తిరిగి రాదు.

అత్త ముఖం తేటపడింది. అయినా "చూస్తాం సార్" అంది. మా ఇంట్లో చూస్తామంటే వద్దని అర్థం.

ఆ సాయంత్రం అన్నాలకు కూర్చున్నాం. మా ఆయన సాల్మన్ రాజు ప్రార్థన ముగించాడు. అత్త వేళ్లకు ముద్ద నిలవలేదు. మామ ఆమె పళ్లెం తన ముందుకు లాక్కున్నాడు. పప్పన్నం కలిపి, చిన్న చిన్న ముద్దలు చేసి, పళ్లెం మళ్లీ ఆమె వైపు జరిపాడు.

"నేనేమన్నా పసిపిల్లనా?" అంది అత్త. ఒక ముద్ద తిన్నది. ఇంకొకటి తిన్నది. తర్వాత మా అందరి వైపూ చూసింది.

"బుధవారం ఆపరేషన్ చేపిచ్చుకుంటా. నెల దాకా నేను పొయ్యి కాడికి రాను. కూరలు ఫెబా చేస్తాది," అని నన్ను చూపించింది. "అన్నం మీ నాయన వండుతాడు."

మా ఆయన నోట్లో ముద్ద అలాగే ఉండిపోయింది.

మామ అత్త వైపు తిరిగి, "ఎసరు ఎంత పెట్టాల?" అని అడిగాడు.