పలుచని నేరేడాకు కషాయం

నేరేడాకును ఎండలో ఆరబోసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఎండ తగిలితే రంగు పోతుంది, వగరు పోతుంది, మిగిలేది చెత్త. పొద్దున్నే కోసి, కడిగి, నీడలో గుడ్డ మీద పరచి, వేళ్ల మధ్య నలిపితే పొడి అయ్యేదాకా ఆగాలి. మా అమ్మ అట్లాగే నేర్పింది. చిటికెడు వేసి మరిగిస్తే ఛాయ్. గుప్పెడు వేసి సగానికి మరిగించి చల్లారిస్తే నోరు పుక్కిలించే కషాయం.

నా పేరు ఎస్తేర్. ఎల్లారెడ్డిలో ఒక బడిలో ఆయా పని చేస్తున్నాను. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగేవాళ్లు కూడా ఇప్పుడు లేరు. సెలవుల్లో ఒక్కోసారి రెండు రోజులు గడిచినా నా గొంతు నాకే వినబడదు. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకున్నప్పుడు అది బొంగురుగా వస్తుంది.

మొన్న వేసవిలో పక్క సందు హన్మవ్వ చెంప పట్టుకుని వచ్చింది. బీడీలు చుడుతుంది, తంబాకు నములుతుంది. చిగుళ్లలోంచి రక్తం కారుతోంది.

"నీ దగ్గర ఆకు మందు ఉన్నదట గదా బిడ్డా?"

"ఉన్నది. గని తంబాకు బంద్ చెయ్యాలె."

"చేస్త తియ్యి. పండ్లు ఊడినంక ఏం పెట్టి నములుత?"

అప్పటి నుంచి రెండు పూటలా వచ్చేది. బీడీ చాట కూడా వెంట తెచ్చుకునేది. కషాయం చల్లారేదాకా నా అరుగు మీద కూర్చుని, చేతులు ఆకు చుడుతుంటే నోరు ఊరంతా తిరిగేది. ఎవరి కోడి ఎవరి పెరట్లో గుడ్డు పెట్టిందో కూడా ఆమెకు తెలుసు. నేను పైకి విసుక్కునేదాన్ని. పొద్దున లేచింది మొదలు ఆమె చెప్పుల చప్పుడు కోసమే చెవి ఒగ్గి ఉండేదాన్ని.

తొమ్మిదో రోజుకు రక్తం ఆగింది, వాపు తగ్గింది.

"ఇంక రెండ్రోజులు పుక్కిలిస్తే సాలు" అంది.

ఇంక రెండు రోజులే వస్తుందన్నమాట. మా దిక్కు ఒక పట్టింపు ఉంది. రోగం నయమయ్యాక, మందు పుచ్చుకున్న గడప మళ్లీ తొక్కకూడదు. తొక్కితే రోగం వెనక్కి వస్తుందంటారు. అమ్మ దగ్గర నయమై పోయినవాళ్లు బజారులో కనబడితే తలూపేవాళ్లు, ఇంటికి మాత్రం రాలేదు. యేసును నమ్ముకున్న ఇల్లయినా ఆ పట్టింపు మమ్మల్ని వదల్లేదు.

మరునాడు పాత పిప్పినే మళ్లీ కాచాను. రంగు చాలకపోతే కాస్త ఛాయ్ పొడి కలిపాను.

హన్మవ్వ ఇంకో పన్నెండు రోజులు వచ్చింది. అబద్ధమెందుకు, ఆ పన్నెండు రోజులూ నేను సంతోషంగానే ఉన్నాను. చిగుళ్లు మళ్లీ ఉబ్బుతున్నా, "తగ్గుతది, ఓపిక పట్టు" అన్నాను.

పదమూడో రోజు ఆమె రాలేదు. దవడ వాచి, నొప్పికి తాళలేక, ఆధార్ కార్డు పట్టుకుని కామారెడ్డి బస్సెక్కిందని తెలిసింది. అక్కడి డాక్టరు రెండు పళ్లు పీకేశాడట.

మర్నాడు సాయంత్రం నోట్లో దూది పెట్టుకుని ఆమే వచ్చింది.

"తప్పు నాదే బిడ్డా. నడుమ రెండుసార్లు తంబాకు నమిలిన. నీ మందుకు చెడ్డపేరు తెచ్చిన. మనసుల పెట్టుకోకు" అని చేతులు జోడించింది.

తలూపి ఊరుకుంటే అయిపోయేది. కానీ ఆ జోడించిన చేతులను చూడలేకపోయాను.

"నీ తంబాకు గాదు అవ్వా. నేనే పలుచగ చేసిన. పాత పిప్పి కాచి పోసిన. నయమైతే నువ్వు మళ్ల రావని."

ఆమె జోడించిన చేతులు దించింది.

"మందు కోసం వచ్చిన గడప తొక్కద్దంటరు గని, ఛాయ్‌కు రావద్దని ఎవలన్నరు? ఒక్క మాట పిలిస్తే రాకపోదునా?"

ఆ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. చెంప పట్టుకుని అరుగు దిగి నడిచింది.

"రేపు పొద్దున ఛాయ్ తాగుదువు, రా అవ్వా" అన్నాను.

ఆమె వెనక్కి తిరగలేదు. సందు మలుపు దాటేదాకా చూస్తూ నిలబడ్డాను. ఈ ఊరికి వచ్చి ఇరవై రెండేళ్లయింది. ఒక మనిషిని ఇంటికి రమ్మని పిలవడం నాకు అదే మొదటిసారి.