కట్టమ్మ అలుకు మీది అడుగులు

కట్టమ్మ పొద్దున్నే పేడనీళ్లతో ఇల్లు అలికి గడప దగ్గర కూర్చునేది. తడి ఆరకముందే అలుకు మీద గోరంత గోరంత అడుగులు తేలేవి. ముందురోజు ములుగు అడవిలో ఏ జంతువు ఎటు తిరిగిందో అంతా అందులో ఉండేది. గూడెంలోని కోయవాళ్లు వచ్చి చూసుకుని, ఎలుగు తిరిగిన దిక్కు వదిలేసి ఇప్పపువ్వు ఏరుకోవడానికి పోయేవాళ్లు.

సాల్మన్ వరంగల్ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పేవాడు. డెబ్బై తొమ్మిది నుంచి ప్రతి ఆదివారం బస్సులో వచ్చి, తను పాతిన వానకొలత డబ్బా చూసుకుని, ఆ అడుగుల్ని రిజిస్టరులోకి ఎక్కించుకునేవాడు. ఏ అడుగు ఎలుగుదో, ఏ గిట్ట కణుజు అనే పెద్ద దుప్పిదో కట్టమ్మ చెప్పేది.

ఎనభై నాలుగు వానాకాలంలో అతని భార్య రూతు దవాఖానలో చనిపోయింది. సమాధి చేసిన మూడోనాడు ఆదివారం. సాల్మన్ బస్సెక్కాడు. ఏడవలేదు. అంకెలు మాత్రం తప్పు పోకుండా వేశాడు.

"కణుజులు వాగుకు దిగుతలేవు బిడ్డా," అంది కట్టమ్మ. "ఏటేటా ఉత్తరం దిక్కు జరుగుతానయ్. ఇప్పపువ్వు గూడ ముందుగాల్నే రాలుతాంది."

రిజిస్టరు తిరగేస్తే ఆమె మాటా, వాన లెక్కా ఒకటే చెప్పాయి. అడవి ఎండిపోతోంది. సాల్మన్ ఆ మాటా రాసుకున్నాడు, ఎవరి సంగతో రాసినట్టు.

మరుసటి ఎండాకాలం ఒక ఆదివారం, "ఇంక రాను అవ్వా," అన్నాడు. "హైదరాబాద్‌ల నౌకరి దొరికింది. రేపు పోతాన."

కట్టమ్మ అలుకు వైపు చూపించింది. కణుజుల గిట్టల వెనకే మనిషి అడుగులు.

"ఎవలియి?"

"నీయే. ఎడమ మడిమె ఆనుతలేదు, చూడు. రూతు పోయినకాన్నుంచి గట్లనే నడుస్తానవ్."

"నేను నిన్నంతా ఇంట్లనే ఉన్న గద అవ్వా."

"ఇంట్ల నువ్వేడున్నవ్ బిడ్డా?"

సాల్మన్ వంగి ఆ ఎడమ అడుగు చూశాడు. రిజిస్టరు తీసి, కణుజుల కింది వరసలో 'మనిషి, ఒకడు' అని రాశాడు. సిరా అలుక్కుపోయింది. కాగితం మీద పడుతున్నవి తన కన్నీళ్లేనని కాసేపటికి గాని తెలియలేదు.

వరంగల్ బస్సు వెళ్లిపోయింది. ఇద్దరూ అడుగులు చూపిన దిక్కే నడిచారు. మధ్యాహ్నం దాటాక గుట్ట సందులో నీళ్లూరుతున్న ఒక చెలిమె కనబడింది. చుట్టూ బురదంతా కణుజు గిట్టలు.

"వచ్చే వారం ఈడ ఇంకో డబ్బా పాతాలె," అన్నాడు సాల్మన్.

తర్వాత బండ మీద కూలబడి అడిగాడు: "తినేటందుకేమన్న తెచ్చినవా అవ్వా?"

కట్టమ్మ మూట విప్పి జొన్నరొట్టె సగం విరిచింది.