మారిషస్‌కి ఇరవై కేజీలు

మారిషస్ వెళ్లడానికి మనవాళ్లకి వీసా అక్కర్లేదన్న సంగతి టీవీలో వినగానే సూరమ్మ గారు చెప్పులు కూడా వేసుకోకుండా బాలాత్రిపురసుందరి ఇంటికి వచ్చేశారు. ఆవిడ రామచంద్రపురం గర్ల్స్ హైస్కూల్లో లెక్కల టీచరుగా, సుందరి తెలుగు టీచరుగా చేసి ఆ వేసవిలోనే రిటైరయ్యారు. ఏళ్ల తరబడి ఒకే స్టాఫ్ రూములో, ఒకే ఫ్యాను కింద కూర్చున్నవాళ్లు.

"అక్కడ మన తెలుగువాళ్లు కూడా ఉన్నారటండి. ఎప్పుడో మన కోరంగి రేవులో ఓడెక్కి వెళ్లారట," అన్నారు సూరమ్మ ఆయాసపడుతూ. "పాస్‌పోర్టు, తిరుగు టికెట్టు, హోటల్ బుకింగు చూపిస్తే దిగినచోటే స్టాంపు కొడతారట. వెళ్దామా?"

సుందరి భర్త ఆంజనేయులు పేపరు మడిచాడు. "వీసా లేకుండా విదేశం ఏంటండి? నేను మాత్రం రాను. నాకు విమానమంటే భయం."

"మిమ్మల్ని ఎవరు రమ్మన్నారు?" అంది సుందరి. అనేశాక తనకే ఆశ్చర్యం వేసింది. ముప్పయ్యేళ్ల కాపురంలో ఆయన లేకుండా ఆమె అన్నవరం కూడా వెళ్లలేదు.

పాస్‌పోర్టులు వచ్చాయి. ఇక మిగిలిన బెంగల్లా అక్కడి ఆఫీసరు ఏం అడుగుతాడోనని. రోజూ సాయంత్రం రిహార్సల్ మొదలుపెట్టారు. అలిగి కూర్చున్న ఆంజనేయులు, ఆఫీసరు వేషం అనేసరికి ఆగలేక లుంగీ మీద కోటు తొడుక్కుని వచ్చాడు.

"ఎందుకొచ్చారు?"

"సముద్రం చూడ్డానికండి."

"మీకు ఉప్పాడలో సముద్రం లేదా?"

"అది మా చుట్టాలతో చూసేశామండి."

"మీరు ఇక్కడ తిరుగుతుంటే అక్కడ మీ ఆయనకి వంట ఎవరు చేస్తారు?"

సుందరి తడుముకోలేదు. "అది మా దేశ అంతర్గత వ్యవహారమండి."

సూరమ్మ గారు నవ్వలేక గోడకి చేరబడ్డారు. కోటులో ఉన్నాయన కూడా నవ్వేశాడు.

విమానంలో మనిషికి ఇరవై కేజీలే అన్నారని, ప్రయాణం ముందురోజు పెట్టెలు బియ్యం కొట్టు బంగార్రాజు కాటా మీద పెట్టారు. సుందరి పెట్టె ఇరవై ఏడు తూగింది.

"ఏం పెట్టారండి మేడం గారూ, నూకలా?" అన్నాడు బంగార్రాజు.

కొట్టు అరుగు మీదే పెట్టె తెరవాల్సి వచ్చింది. ఆవకాయ జాడీ, సున్నుండల డబ్బా, వాటి కింద, ఎవరికీ చూపించకుండా కొనుక్కున్న నీలం రంగు పంజాబీ డ్రెస్సు. సుందరి దాన్ని గబుక్కున తీసి వెనక దాచుకుంది. "ఇదెందుకులెండి. ఇంట్లో పెట్టేస్తాను."

ఆంజనేయులు ఒక్క క్షణం దాని వంక చూశాడు. చెయ్యి చాపి తీసుకుని, మడత సరిచేసి మళ్లీ పెట్టెలో పెట్టాడు.

"బరువు తగ్గాలంటే జాడీ తియ్యి. నాకూ కూర కావాలిగా," అన్నాడు.

జాడీ ఆయన చంకలోకి వెళ్లింది. సున్నుండలు బియ్యం కొనడానికి వచ్చినవాళ్లందరికీ పంచేశారు. ఒకావిడ తింటూ, "పెళ్లి ఎవరిదండి?" అని అడిగింది.

"ఎవరిదీ కాదు. మేం ఊరికే వెళ్తున్నాం," అంది సుందరి. ఆ మాట ఎంత బాగుందో, పక్కనున్నావిడకి కూడా చెప్పింది.

విమానం బొంబాయి నుంచి కాబట్టి, మర్నాడు సామర్లకోటలో బొంబాయి రైలెక్కారు. కిటికీ బయట నిలబడి ఆంజనేయులు జాగ్రత్తలు చెబుతూనే ఉన్నాడు. లోపల సూరమ్మ గారు సుందరి చెవిలో ఏదో అన్నారు. ఇద్దరూ కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్లమ్మట నీళ్లు వచ్చేలా నవ్వడం మొదలుపెట్టారు.

"ఏంటే అది, నాక్కూడా చెప్పు," అన్నాడాయన.

చెబుదామని సుందరి నోరు తెరిచింది. నవ్వు ఆగలేదు. రైలు కదిలింది.