రాజు మాట వినని సేనాధిపతి

మేం ఫోన్లలో ఆడే పాతకాలపు యుద్ధం ఆటలో రాజు అనిల్. బయట అతను మా ఆయనతో కలిసి పనిచేస్తాడు. సైన్యం ఎటు నడవాలో చెప్పే సేనాధిపతిని నేను, సుకుమారిని. మిగతా ఏడుగురూ బొల్లారం మందుల కంపెనీలో ఒకే షిఫ్టు కార్మికులు. షిఫ్టుకు వెళ్తూ ఫోన్లు గేటు దగ్గర అప్పగించాలి కాబట్టి, ఆ ఎనిమిది గంటలూ వాళ్ల కోటలకు దిక్కుండదు.

నిన్న మధ్యాహ్నం సరిగ్గా ఆ సమయంలోనే శత్రువులు దండెత్తారు. అనిల్ ఫోన్ చేశాడు.

"వదినా, సైన్యమంతా జల్దీ నా కోటకు తే!"

"మరి షిఫ్టుల ఉన్నోళ్ల కోటలు?"

"పోతే పోనీ. రాజే పోతే ఇగ రాజ్యమేడిది?"

"నువ్వు ఇంట్ల కూసున్నవు, ఫోన్ చేతిలనే ఉంది. నీ కోట నువ్వే కాపాడుకో."

"నీ పదవి పీకేస్త!"

"పీకు. గప్పటిదాంక సైన్యం నా మాటే వింటది."

ఆటలో మనుషులను విడిచిపెట్టినా పాపమేనా? ప్రభువు ఇలాంటివి పట్టించుకుంటాడో లేదో నాకు తెలియదు. ఒక్క క్షణం ప్రార్థించుకుని, సైన్యాన్ని ఆ ఏడు కోటల ముందు నిలబెట్టాను.

అవి నిలిచాయి. అనిల్ కోట కూలింది, నా పదవి పోయింది.

"ఇప్పుడన్న బుద్ధొచ్చిందా వదినా?" అన్నాడు.

"మళ్ల సేనాధిపతిని చేసి సూడు, గిట్లనే చేస్త," అన్నాను.